కంచె లోపలి చోటు

మా ఊరు సాంత వల్బుర్గలో పసిపిల్లల్ని రెండు చోట్ల పూడ్చేవారు. జ్ఞానస్నానం అయిన బిడ్డనైతే శ్మశానం కంచె లోపల, చర్చి గంట మోగించి, పేరు రాసిన శిలువ నాటి పూడ్చేవారు. ఆ నీళ్ళు పడకముందే కన్నుమూసిన బిడ్డకి కంచె బయట ముళ్ళపొదలే గతి. గంట లేదు, పేరు లేదు. తండ్రి ఒక్కడే పార పట్టుకుని వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చేవాడు. వెండెలీన్ భార్య ఫెలిసితాస్‌కి కంచె బయట అప్పటికే ఇద్దరున్నారు.

ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే మా పెద్దలు రష్యాలోని వోల్గా నది వైపు చెయ్యి చూపేవారు. వోల్గా ఒడ్డున అడిగి ఉంటే వాళ్ళ తాతలు జర్మనీ వైపు చూపి ఉండేవారు. మా వాళ్ళు దేశాలు మార్చారు గాని బుద్ధి మార్చలేదు. రష్యా రాణి భూములిస్తానంటే అటు వెళ్ళారు. ఆమె తర్వాత వచ్చినవాళ్ళు కొడుకుల్ని సైన్యంలోకి పంపమంటే మూటలు కట్టుకుని ఓడెక్కి అర్జెంటీనా మైదానాలకి వచ్చిపడ్డారు. ఎవరి పొలంలో వాళ్ళు ఇల్లు కట్టుకోండని ఇక్కడి సర్కారు చెబితే ససేమిరా అన్నారు. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండాలి, మధ్యలో చర్చి ఉండాలి, చర్చి మీద గంట ఉండాలి. పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలియకపోతే మా వాళ్ళకి తిన్నది అరగదు.

ఈ దేశం నుంచి మనసారా తీసుకున్నది ఒక్కటే, మాతే. ఆ చేదు ఆకుని మరిగించి, చక్కెర దట్టించి, పొద్దున లేచింది మొదలు తాగేవారు. ప్రతి పొయ్యి మీదా రెండు కెటిళ్ళుండేవి. తెల్లదాంట్లో మామూలు నీళ్ళు, నీలందాంట్లో మాతే.

అపొలోనియా ఊరికి మంత్రసాని. ఊళ్ళో సగం మంది మొదట పడ్డది ఆమె చేతుల్లోనే, ఆ చేతులతో చెవులు మెలిపెట్టించుకోని వాళ్ళు కూడా తక్కువే. ఫాదర్ గారు నెలకోసారి బండి మీద వచ్చిపోయేవారు కాబట్టి, బిడ్డ ప్రాణం మీదికొస్తే జ్ఞానస్నానం నీళ్ళు పోసే అధికారం ఆమెకిచ్చారు. ఇచ్చే ముందు పాత ఫాదర్ గారు పరీక్ష కూడా పెట్టారు.

"దేనితో పోస్తావు?"

"నీళ్ళతో."

"పాలతో పోయవచ్చా?"

"కూడదు."

"సారాతో?"

"కూడదు."

"మాంసం ఉడికిన పులుసుతో?"

"కూడదు ఫాదర్. నీళ్ళు తప్ప దేనితోనూ కూడదు."

ఆ ప్రశ్నలు జపమాల కంటే బాగా ఆమెకి కంఠతా వచ్చు. పరీక్ష నెగ్గి ఇంటికొస్తే, మొగుడు కిలియన్ "ఇక పులుసు నాకు పొయ్యి, నీళ్ళు వాళ్ళకి పొయ్యి" అన్నాడు. కిలియన్ చర్చి గంట మోగించేవాడు. ఆ మోతకి అతని ఎడమ చెవి ఏనాడో పోయింది.

ఫెలిసితాస్‌కి మూడో కాన్పు నొప్పులొచ్చిన రోజు దుమ్ముగాలి ఊరిని కప్పేసింది. కిటికీలు బిగించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. పట్టపగలే గది చీకటిగా ఉంది. దీపం వెలిగించినా దుమ్ములో కొడిగట్టినట్టే ఉంది. అపొలోనియాకి ముక్కులు మూసుకుపోయి కళ్ళు మండుతున్నాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో వచ్చింది. ఒళ్ళంతా నీలం, ఏడుపు లేదు. రొమ్ము మాత్రం కొద్దిగా ఎగిరి పడుతోంది.

"పిన్నీ, నీళ్ళు పొయ్యి," అంది ఫెలిసితాస్. "నా సంగతి తర్వాత చూద్దువు గాని. ముందు దానికి నీళ్ళు పొయ్యి పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

అపొలోనియా బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి, "యూఫెమియా, నీళ్ళు!" అని అరిచింది. ఫెలిసితాస్ అత్తగారు యూఫెమియాకి ఒక కంటికి పొర కమ్మింది. ఆవిడ పొయ్యి దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి ఒక మగ్గు నింపి తెచ్చిచ్చింది. అపొలోనియా చూసింది బిడ్డ రొమ్మునే గాని మగ్గుని కాదు. "రొజీనా, పిత పుత్ర పవిత్రాత్మల నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అంటూ నెత్తి మీద పోసింది. గోరువెచ్చటి ధార బిడ్డ తల మీంచి తల్లి మెడ మీదికి, మొహం మీదికి చిమ్మింది. రొజీనా ఒకసారి నోరు తెరిచింది. మళ్ళీ మూయలేదు.

"పోశావుగా పిన్నీ? పేరు పెట్టావుగా?"

"పెట్టాను తల్లీ. రొజీనా."

"అయితే లోపలేగా?"

"లోపలే."

బిడ్డ ఒళ్ళు తుడుస్తున్నప్పుడు చెవి వెనక చిన్న ఆకు ముక్క అంటుకుని కనిపించింది. అపొలోనియా దాన్ని వేలితో తీసి దీపం దగ్గర పెట్టి చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తెల్ల కెటిల్ నిండుగా, మూత పెట్టినట్టే ఉంది. నీలం కెటిల్ మూత పక్కన పడుంది. మగ్గు అడుగున పచ్చటి మాతే మడ్డి. ఆమె పొయ్యి గట్టు మీద కూర్చుంది. బిడ్డలో కొనఊపిరైనా ఉంటే మళ్ళీ పోసేది. పోయిన బిడ్డకి పోసినా లాభం లేదని ఆమెకి నేర్పిన పాఠంలోనే ఉంది.

గదిలో ఫెలిసితాస్ ఏడవడం లేదు. "రొజీనా, రొజీనా" అని మెల్లగా, నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు పిలుచుకుంటోంది. అపొలోనియా ఆ ఆకు ముక్కని పొయ్యిలో వేసింది.

మర్నాడు కిలియన్ గంట మోగించాడు. రొజీనాని కంచె లోపల, ఆ ఏడు పోయినవాళ్ళ వరసలో చివరన పూడ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పూజ కాగానే ఫెలిసితాస్ అక్కడికి వెళ్ళి కూర్చునేది. మేజోళ్ళు అల్లుకునేది, కబుర్లు చెప్పేది. ఒకరోజు తనలో తను నవ్వుకుంటూ కనిపించింది.

"ఏమే, పిచ్చి గాని పట్టిందా?" అంది అపొలోనియా.

"పట్టలేదు పిన్నీ. పేరు పెట్టి పిలవడానికి నాకూ ఒకతె ఉంది. బయట ఉన్నవాళ్ళని ఏమని పిలవను? 'ఒరేయ్' అననా, 'ఒసేయ్' అననా? ఆడో మగో కూడా మా ఆయన నాకు చెప్పలేదు."

అపొలోనియా ఇంటికొచ్చేసింది. ఆమె పరలోకాన్ని నమ్మే మనిషి. బిడ్డ ఆత్మ వెళ్ళకూడని చోటికే వెళ్ళిందని నమ్మింది. తల్లికి మాత్రం చోటు దొరికిందని కూడా చూసింది. ఒకటి తన తప్పు, రెండోది తన అబద్ధం. తప్పుని దిద్దడం ఎలాగూ కాదు, అబద్ధాన్నయినా కాపాడుకోవాలని ఆమె గట్టిగా అనుకుంది.

గోధుమ పండి కోతకొచ్చిన రోజుల్లో పడమట మబ్బు లేచింది. నల్లటి మబ్బు కింద పచ్చటి చార. ఆ చార కనిపిస్తే వడగళ్ళేనని మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. కిలియన్ పరుగున వెళ్ళి చర్చి గంట తాడు అందుకున్నాడు. మబ్బుని తరమడానికి మోగించే ఆ మోతని మబ్బు గంట అంటారు. గంట మోగినంత మేర వడగళ్ళు పడవని మా వాళ్ళ నమ్మకం. చేతులు బొబ్బలెక్కేదాకా మోగించాడు. అయినా పడ్డాయి, కోడిగుడ్లంతేసి. పడమటి పొలాల్లో ఒక్క కంకి నిలబడి లేదు. తూర్పు పొలాలు ఎలా మిగిలాయో మిగిలాయి.

పడమట అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు ఊరిపెద్ద బల్తజార్. మర్నాడు అతని పెరట్లో మగవాళ్ళంతా చేరారు. కంటి ముందు తిండి పోయినవాడికి ఎవరో ఒకరు దోషి కావాలి కదా.

"గంట మోగుతుంటే వడగళ్ళు పడ్డాయంటే గంట తప్పు కాదు," అన్నాడు బల్తజార్. "గంటకి అడ్డం ఏదో ఉంది. పవిత్రమైన మట్టిలో నీళ్ళు పడని శవం ఉంటే పొలం మీద రాళ్ళు పడతాయని మా తాత చెప్పేవాడు. వోల్గా ఒడ్డున అలాంటి ఒకణ్ణి తవ్వి తీసి నదిలో పడేశారు. ఆ సాయంత్రమే మబ్బు విడిపోయింది."

"అవునవును, మా తాతా చెప్పేవాడు," అన్నారు ఇద్దరు ముగ్గురు. మా ఊళ్ళో తాత చెప్పాడంటే ఇక దేవుడు కూడా నోరు మూసుకోవాల్సిందే.

ఆ ఏడు కంచె లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరెవరని లెక్కేశారు. ముసలివాళ్ళ జ్ఞానస్నానాల మీద ఎవరికీ అనుమానం లేదు. మిగిలింది రొజీనా ఒక్కతే. వెండెలీన్ తల వంచుకున్నాడు. ఎవడో అప్పుడే గోడకానించిన పార వైపు చూశాడు. అపొలోనియాని పిలిపించారు.

ఆమె వచ్చేసరికి బల్తజార్ సొరబుర్రలో మాతే పోసుకుని గొట్టంతో పీలుస్తున్నాడు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ళ వెనక నల్ల శాలువా కప్పుకుని ఫెలిసితాస్ ఉంది.

"చెల్లెమ్మా, కోపం తెచ్చుకోకు. ఊరి కోసం అడుగుతున్నాను. ఆ బిడ్డకి ప్రాణం ఉండగానే పోశావా?"

"ఉండగానే పోశానన్నా."

"మాటలన్నీ చెప్పావా?"

"నీకు ఆనాడు చెప్పిన మాటలే చెప్పాను. నువ్వు పుట్టినప్పుడు నేను లేను గాని, నీ కొడుకులందరికీ మంత్రసానిని నేనేగా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బల్తజార్ గొట్టం నోట్లోంచి తీశాడు. అతనూ అదే పాఠం చదువుకున్నవాడు.

"పాలు కాదుగా?"

"కాదు."

"సారా?"

"కాదు."

"పులుసు?"

"పిచ్చి ప్రశ్నలు. కాదు."

అంతవరకు ఆమె చెప్పింది నిజమే. ఆ ప్రశ్నలు వోల్గా ఒడ్డున తయారైనవి. అక్కడ మాతే లేదు. అతని చేతిలోని సొరబుర్రలోంచి ఆవిరి లేస్తుంటే అపొలోనియా దాన్నే చూస్తూ నిలబడింది. ఇంతటితో వదిలేస్తాడనే ఆశ పుట్టింది ఆమెకి.

"అయితే నీళ్ళే."

"నీళ్ళే."

"ఒట్టు వెయ్యి. ఫాదర్ గారు లేకుండా శిలువ ముట్టకూడదు. కిలియన్ మీద ఒట్టు వెయ్యి."

అపొలోనియా గుమ్మం వైపు చూసింది. ఫెలిసితాస్ నేలచూపులు చూస్తోంది. శాలువా అంచుని ముడి వేస్తోంది, విప్పుతోంది. నిజం చెబితే ఈ మగవాళ్ళు ఇప్పుడే పారలు తీసుకుంటారు. బిడ్డని ముళ్ళపొదల్లోకి మోసేది వెండెలీనే. రేపు ఆదివారం ఈ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?

"కిలియన్ మీద ఒట్టు," అంది అపొలోనియా. "నీళ్ళే."

ఇంటికి వచ్చేసరికి ఆ కబురు ఆమె కంటే ముందే చేరిపోయింది. కిలియన్ బొబ్బలకి పందికొవ్వు రాసుకుంటున్నాడు.

"ఏమే, ఒట్టు వెయ్యడానికి నేనే దొరికానా? ఆవు మీద వెయ్యలేకపోయావా?"

"ఆవు పాలిస్తోందయ్యా."

అతను పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి శాలువా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తూర్పు పొలాల్లో కోత మొదలవబోతుండగా మళ్ళీ మబ్బు పట్టింది. మళ్ళీ అదే పచ్చటి చార. ఊరికి మిగిలిందల్లా ఆ గోధుమే. వీధిలో మగవాళ్ళు "కిలియన్, గంట! గంట!" అని కేకలు పెడుతున్నారు. కిలియన్ చేతులకి గుడ్డలు చుట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. అపొలోనియా అతని చొక్కా పట్టుకుంది.

"ఈ పూట వెళ్ళకు. ఇంకెవరైనా మోగిస్తారు."

"ఇంకెవరు మోగిస్తారే? ఆ మొద్దులకి తాడుకీ తోకకీ తేడా తెలీదు."

"వద్దంటున్నానా?"

"ఎందుకొద్దో చెప్పు మరి."

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అప్పటికే అతను తలుపు వైపు తిరిగాడు. ఎడమ చెవి ఆమె వైపు ఉంది. "అది నీళ్ళు కాదయ్యా, మాతే," అంది ఆ చెవిలో. "నీ మీద దొంగ ఒట్టు వేశాను."

కిలియన్ వెనక్కి తిరిగి కుడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ? ఏమిటీ?"

వీధిలో అంతా చూస్తున్నారు. వాళ్ళలో బల్తజార్ ఉన్నాడు. వెండెలీన్ కూడా ఉన్నాడు.

"టోపీ పెట్టుకో," అంది అపొలోనియా.

అతను టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఆమె వెనకాలే చర్చి మెట్ల దాకా వెళ్ళింది. గంట మొదలైంది. గాలి మళ్ళింది, వాన పట్టుకుంది. అందరూ చేతులు చాచి చూసుకున్నారు. చేతుల్లో పడ్డవి చినుకులే, రాళ్ళు కావు. "వాన! ఉత్త వానే!" అని ఎవరో గంతులేశారు. సరిగ్గా అప్పుడు గోపురం తెల్లగా మెరిసింది. ఆ చప్పుడుకి అందరూ నేల మీద పడ్డారు. లేచేసరికి గంట ఆగిపోయింది.

పిడుగుకి తెలిసింది ఎత్తూ తడిసిన తాడూ మాత్రమే, దానికి ఒట్లతో పని లేదని చదువుకున్నవాళ్ళు అంటారు. నేనూ అదే అంటాను. మబ్బు గంట మోగిస్తూ పిడుగుపడి పోయినవాళ్ళు వోల్గా ఒడ్డున కూడా ఉన్నారు, వాళ్ళ పెళ్ళాలెవరూ దొంగ ఒట్లు వేసి ఉండరు. కాని ఆ రోజు కిలియన్‌ని కిందికి దించి చర్చి నేల మీద పడుకోబెట్టినప్పుడు ఈ మాట అపొలోనియాకి చెప్పగలిగిన వాడెవడు? చెప్పినా ఆమె వినేది కాదు. అతని అరచేతుల్లో గుడ్డలు మాడి అంటుకుపోయి ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్క పోగూ తడిపి తీసింది, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

తూర్పు గోధుమ దక్కింది. బల్తజార్ అందరి ముందూ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నిన్ను అనుమానించాను. గంటకి అడ్డమేమీ లేదని కిలియన్ ప్రాణం పెట్టి చూపించాడు. ఆ బిడ్డ జోలికి ఇక ఎవడూ రాడు. ఇది నా హామీ."

ఆమె అతని మొహంలోకి చూసి తల ఊపింది. అంతకంటే ఏం చెయ్యగలదు?

మా శ్మశానంలో చుట్టరికం చూసి పూడ్చరు, పోయిన వరస చూసి పూడుస్తారు. రొజీనా తర్వాత పోయింది కిలియనే. గొయ్యి ఆ పక్కనే తవ్వారు. తవ్వింది వెండెలీన్. కూతురి శిలువకి మట్టి తగలకుండా దానికి తన కోటు చుట్టి తవ్వాడు.

కోతలు అయిపోయాక ఒక ఆదివారం అపొలోనియా కిలియన్ సమాధి దగ్గర కలుపు పీకుతుంటే ఫెలిసితాస్ వచ్చి పక్కన కూర్చుంది. అల్లిక తెచ్చుకోలేదు.

"పిన్నీ, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ రోజు నువ్వు పోసినప్పుడు నా పెదాల మీద పడింది. తియ్యగా, చేదుగా ఉంది." "నాకు ఆ క్షణంలోనే తెలిసింది. బల్తజార్ మావ నిన్ను ఒట్టు వెయ్యమన్నప్పుడు కూడా తెలుసు. నోరు విప్పితే నా పిల్లని తవ్వేస్తారని నిలబడి చూశాను. కిలియన్ బాబాయిని నేనే తినేశాను పిన్నీ."

అపొలోనియాకి ఒళ్ళు మండింది. చెయ్యెత్తి ఆ చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నాళ్ళు తను ఒక్కతే మోస్తున్నాననుకున్న బరువుని ఇది దర్జాగా మేజోళ్ళు అల్లుకుంటూ చూసింది. ఎత్తిన చెయ్యి నిండా మట్టి, గడ్డి వేర్లు. ఆ చేతిని ఆమె మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా పెద్ద దిబ్బ, దాని పక్కన చిన్న దిబ్బ. మధ్యలో మనిషి నిలబడేంత జాగా కూడా లేదు.

"యూఫెమియా ఎప్పుడూ అంతే," అంది చివరికి. "చక్కెర ఎక్కువేస్తుంది."

ఫెలిసితాస్ బావురుమంది. అపొలోనియా ఆమె భుజం పట్టి కుదిపింది.

"ఏడుపు ఆపి విను. ఈ మాట ఇంకెక్కడా అనకు. నీ మొగుడితో కూడా అనకు, ఫాదర్ గారితో కూడా అనకు. అన్నావంటే రేపే దీన్ని తవ్వి బయట పడేస్తారు. అప్పుడు మీ బాబాయి ఇక్కడ ఒక్కడైపోతాడు."

తర్వాత ఆమె రొజీనా దిబ్బ మీది కలుపు కూడా పీకడం మొదలుపెట్టింది.